ఇంటర్వెల్ కబుర్లు: బొమ్మ ఇక్కడ, దొంగ ఎక్కడ?

'బొమ్మ ఎలా ఉంది గురూ?' అని బెజవాడ చుట్టుపక్కల ఎవరైనా అడిగితే, అడిగినవాడు ఏ ఊళ్ళో నిలబడి అడుగుతున్నాడో చూసుకుని మరీ జవాబు చెప్పాలి. గాంధీనగరంలో అడిగితే సినిమా సంగతి. కొండపల్లిలో అడిగితే పొణికి కర్రతో చేసిన బొమ్మ సంగతి. గాంధీనగరం బొమ్మ తనంతట తనే ఆడుతుంది, ఆడకపోతే డిస్ట్రిబ్యూటరు ఏడుస్తాడు. కొండపల్లి బొమ్మ ఆడదు, పిల్లలే దానితో ఆడుకుంటారు. తేడా అంతే!

ఇన్నేళ్ళూ ఈ రెండు బొమ్మలకీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. మొన్నామధ్య కొండపల్లి వెళ్ళివచ్చాక తట్టింది. ఆ కబురే ఈ వారం మీకు చెప్పబోతున్నాను. మధ్యలో అమెరికా, కరేబియన్ దీవులు, ఐక్యరాజ్యసమితి కూడా వస్తాయి. కంగారు పడకండి. చివరికి మళ్ళీ కొండపల్లి బస్టాండు దగ్గరే దింపేస్తాను.

* * *

అమెరికాలో ఉన్న మా మనవరాలు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడుతుందట. 'తాతయ్యా, అంబారీ ఏనుగు పంపించు' అని ఫోన్‌లో హుకుం జారీ చేసింది. మనవరాలి మాట కాదనేంత ధైర్యం నాకెక్కడిది? ఆదివారం పూట కొండపల్లి బస్సెక్కాను.

ఖిల్లాకి వెళ్ళే దారిలో బొమ్మల కాలనీ. నాకు ఎప్పటినుంచో తెలిసిన ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని ఏనుగుకి తొండం అతుకుతున్నాడు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి చేసే మక్కు వాసన, పక్కనే ఆరుతున్న సుద్ద పూత వాసన. నాకు బాగా నచ్చే వాసనలు. ఒక ఏనుగు తయారవడానికి పొణికి కర్ర ఆరాలి, చెక్కాలి, అతకాలి, నునుపు చెయ్యాలి, సుద్ద కొట్టాలి, రంగు వెయ్యాలి. మన సినిమా వాళ్ళ భాషలో చెప్పాలంటే స్క్రిప్టు నుంచి ఫస్టు కాపీ దాకా అన్ని శాఖలూ ఆ అరుగు మీదే!

'రండి తమ్ముడుగారూ, రండి. చాలా కాలానికి' అన్నాడు పెద్దాయన. కానీ మొహంలో ఎప్పుడూ ఉండే కళ లేదు.

'ఏంటి అన్నయ్యగారూ, ఒంట్లో బాగాలేదా?' అన్నాను.

'ఒంట్లో బాగానే ఉంది. మనసులోనే లేదు. మా ఏనుగు పారిపోయింది' అన్నాడు.

నవ్వాలో ఊరుకోవాలో తెలియలేదు. లోపలి నుంచి మనవణ్ణి పిలిచి, 'చూపించరా' అన్నాడు. డిగ్రీ చదువుతున్న కుర్రాడు. ఫోన్ తీసి ఏదో పరదేశపు అంగడి పేజీ చూపించాడు. అచ్చం పెద్దాయన అంబారీ ఏనుగే. అదే పచ్చ, అదే ఎరుపు, అంబారీ మీద కూర్చున్న రాజుగారి మీసం కూడా అదే. కింద 'కొండపల్లి' అని పేరు. కర్ర మాత్రం కాదు, అచ్చు పోసిన ప్లాస్టిక్కు.

'చేసింది మేం కాదు, అమ్మేది మేం కాదు, పేరొక్కటే మాది. మావాడు వాళ్ళకి ఉత్తరం రాశాడు. మా దేశంలో మీ చట్టం చెల్లదు అని జవాబొచ్చింది. ఎవరితో చెప్పుకోమంటారు?' అన్నాడు పెద్దాయన.

కొండపల్లి బొమ్మకి భౌగోళిక గుర్తింపు ఉన్న మాట నిజమే. 1999లో చేసిన చట్టం కింద వచ్చింది. ఆ పేరుతో మన దేశంలో ఇంకొకడు అమ్మితే పట్టుకుని అడగొచ్చు. అయితే ఆ చట్టం మన దేశం పొలిమేర దాకా వచ్చి ఆగిపోతుంది. అవతలి దేశంలో రక్షణ కావాలంటే అక్కడి చట్టం ప్రకారం మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. ఫోన్‌లో అంగడికి పొలిమేర లేదు. చట్టానికి ఉంది. ఏనుగు పారిపోయిన సందు అదే.

సరిగ్గా అప్పుడే ఆ కుర్రాడి ఫోన్‌లోంచి ఓ ఫైటింగు చప్పుడు వినిపించింది. చూస్తే, శుక్రవారం విడుదలైన కొత్త సినిమా! బెజవాడ హాల్లో ఇంకా మూడో రోజు కలెక్షన్లు కూడా లెక్కపెట్టలేదు.

'ఇదెక్కడిదిరా అబ్బాయ్?' అన్నాను.

'ఫ్రీగా వస్తోంది సార్' అన్నాడు, మంచినీళ్ళ గురించి చెప్పినంత తేలిగ్గా.

పెద్దాయన చేతిలో బ్రష్షు పక్కన పెట్టాడు. 'మన ఏనుగుని ఎవడో ఎత్తుకుపోయాడని నెలరోజులుగా ఏడుస్తున్నాం. నువ్వు చూసేది ఎవరి ఏనుగురా?' అన్నాడు.

కుర్రాడు మాట్లాడలేదు. నాకూ నోట మాట రాలేదు. మా సినిమా వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ప్రెస్ మీట్లు పెట్టి చెబుతున్న మాటని ఆయన అరుగు మీద కూర్చుని ఒక్క ముక్కలో చెప్పేశాడు.

* * *

వెనకటి రోజుల్లో సినిమా దొంగతనం అంటే తేలిక పని కాదండోయ్. గాంధీనగరం ఆఫీసుల నుంచి రేకు పెట్టెల్లో రీళ్ళు వెళ్ళేవి. పద్నాలుగు పదహారు రీళ్ళ బరువు ఎత్తాలంటే దొంగకి ముందు రిక్షా బేరమాడాల్సి వచ్చేది. ఎత్తుకుపోయినా ఆడించుకోవడానికి ప్రొజెక్టరు ఏదీ? అందుకని దొంగలు మర్యాదగా ఉండేవాళ్ళు.

తర్వాత వీడియో కేసెట్టు వచ్చింది. దొంగకి రిక్షా ఖర్చు తప్పింది. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి, వీడియో దొంగలకి శిక్షలు పెంచాల్సి వచ్చింది. ఆ తర్వాత సీడీ, ఆ తర్వాత ఇంటర్నెట్టు. దొంగ బరువు తగ్గుతున్నకొద్దీ దొంగ వెళ్ళగలిగే దూరం పెరిగింది. అదెంత పెరిగిందో మన తెలుగు సినిమాకి జరిగిన మూడు ముచ్చట్లలోనే తెలిసిపోతుంది.

మొదటిది 2013 సెప్టెంబరు. పవన్ కల్యాణ్ హీరోగా, త్రివిక్రమ్ దర్శకత్వంలో తయారైన 'అత్తారింటికి దారేది' ఇంకా విడుదల కాలేదు. సుమారు గంటన్నర సినిమా బయటికి పొక్కింది. ఎక్కడనుకుంటున్నారు? మన కృష్ణా జిల్లా పెడనలో! కలంకారీ అద్దకాలకి పేరుపడ్డ ఊళ్ళో, సీడీ దుకాణాల్లో యాభై రూపాయలకి అమ్మారు. పోలీసులు కదిలారు. పెడన నుంచి లింకు పట్టుకుని లాగితే హైదరాబాదులో తేలింది. రోజుల్లోనే అరెస్టులు జరిగాయి. అక్టోబరులో రావాల్సిన సినిమాని ముందుకు జరిపి సెప్టెంబరు 27న విడుదల చేశారు. ఘనవిజయం సాధించింది. కథ సుఖాంతం. ఎందుకంటే దొంగలూ పోలీసులూ ఒకే రాష్ట్రంలో ఉన్నారు.

రెండోది 2017. 'బాహుబలి' రెండో భాగం ఏప్రిల్ 28న విడుదలైంది. కాపీ మా దగ్గర ఉంది, డబ్బివ్వకపోతే ఇంటర్నెట్లో పెట్టేస్తాం అని బెదిరింపు వచ్చింది. హైదరాబాదు పోలీసులు ఆరా తీస్తే, బీహార్‌లో ఒక థియేటర్ దగ్గర తేలింది. ఆరుగుర్ని పట్టుకున్నారు. రాష్ట్రాలు వేరయినా దేశం ఒకటే, శిక్షాస్మృతి ఒకటే. కాస్త దూరం తిరిగారు, అంతే. ఇదీ సుఖాంతమే.

మూడోది 2025. ఏళ్ళ తరబడి మన సినిమాల్ని అప్పనంగా పంచిపెట్టిన ఐబొమ్మ వ్యవహారం. చూశారా, దానికీ బొమ్మ పేరే! నన్ను పట్టుకోలేరు అని పోలీసులకే సవాలు విసిరిన సైటు అది. దాన్ని నడిపాడంటున్న మనిషిని నవంబరులో హైదరాబాదు సైబర్ క్రైమ్ పోలీసులు కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. కరేబియన్ సముద్రంలోని సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ అనే దేశపు పౌరసత్వం తీసుకున్నాడట. ఇరవై ఒక్క వేల పైచిలుకు సినిమాలు దొరికాయనీ, మూడు కోట్ల రూపాయలు స్వాధీనం చేసుకున్నామనీ పోలీసులు చెప్పారు. చిరంజీవి, నాగార్జున, రాజమౌళి వంటివారు వెళ్ళి పోలీస్ కమిషనర్‌ని అభినందించి వచ్చారు. నేరం రుజువయిందా లేదా అన్నది కోర్టు తేల్చాల్సిన సంగతి. దాని జోలికి నేను పోను.

కానీ ఒక్క సంగతి గమనించండి. ఏళ్ళ తరబడి దొరకని మనిషి ఎప్పుడు దొరికాడు? ఫ్రాన్సు నుంచి హైదరాబాదు వచ్చినప్పుడు! అంటే దొంగ దగ్గరికి చట్టం వెళ్ళలేదు. దొంగ అన్నవాడే చట్టం దగ్గరికి వచ్చాడు. రాకపోయి ఉంటే? మన పోలీసుల తెలివిని నేను శంకించడం లేదు. వాళ్ళ లాఠీ ఎంత పొడుగున్నా సముద్రం దాటదు అంటున్నాను.

పెడన నుంచి బీహారు, బీహారు నుంచి కరేబియన్. దొంగ పెరిగాడు. పోలీసు మాత్రం ఎక్కడి పోలీసు అక్కడే ఉన్నాడు.

* * *

'మరి మూసెయ్యొచ్చు కదా?' అంటారు మీరు. మూస్తూనే ఉన్నారండీ. ఢిల్లీ హైకోర్టు 2019లోనే ఒక తీర్పు ఇచ్చింది. ఒక దొంగ సైటుని మూస్తే అదే సరుకుతో వేరే పేరు పెట్టుకుని వస్తుంది కాబట్టి, ప్రతిసారీ కొత్త కేసు వెయ్యక్కర్లేకుండా ఆ కొత్త పేరుని కూడా పాత ఉత్తర్వుకిందే మూయించొచ్చు అంది. 2023లో ఇంకో అడుగు ముందుకేసి, ఇంకా తయారు కాని సినిమాలకి కూడా ఆ రక్షణ వర్తించేట్టు చేసింది. బాగుంది. అయితే మన కోర్టు చెప్పినట్టు మన దేశపు ఇంటర్నెట్టు కంపెనీలు తలుపు వేస్తాయి. ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. కిటికీ తెలిసినవాడు కిటికీలోంచి దూరుతాడు.

ఇక్కడ ఇంటర్నెట్టు పేర్ల సంగతి కాస్త చెప్పాలి. మీరు ఫోన్‌లో ఒక సైటు పేరు కొట్టగానే, లోపల ఓ పెద్ద పుస్తకం తిరగేసి ఆ పేరుకి ఏ నంబరో వెతుకుతారు. ఫోన్ డైరెక్టరీ లాంటిదన్నమాట. ఆ పుస్తకం మొదటి పేజీని చూసుకునేది కాలిఫోర్నియాలో 1998లో పుట్టిన ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ. మొదట్లో దాని మీద అమెరికా ప్రభుత్వపు అజమాయిషీ ఉండేది. 2016 అక్టోబరు 1న ఆ ఒప్పందం ముగిసింది. ఆ తర్వాత మొట్టమొదటి పెద్ద సభ ఎక్కడ జరిగిందో తెలుసా? మన హైదరాబాదులో! నవంబరు 3 నుంచి 9 దాకా. అసలు పోర్టోరికోలో జరగాల్సింది, జికా జబ్బు భయంతో మనకి వచ్చింది. దానికి ఎనిమిదేళ్ళ ముందు, 2008 డిసెంబరులో, ఐక్యరాజ్యసమితి వారి ఇంటర్నెట్ పాలనా వేదిక కూడా అదే సమావేశ కేంద్రంలో జరిగింది. ముంబయి దాడులు జరిగి వారమే అయినా సభ ఆగలేదు.

ఇంటికొచ్చిన పెళ్ళి అన్నమాట. నాకు మాత్రం అప్పుడు పట్టలేదు. 2016 సభలు జరుగుతుండగానే 8వ తేదీ రాత్రి వెయ్యి, ఐదొందల నోట్లు చెల్లవన్నారు. అందరితోపాటు నేనూ నోట్లు పట్టుకుని బ్యాంకు క్యూలో నిలబడ్డాను. ప్రపంచపు పేర్ల పుస్తకం సంగతి ఆ వారం ఎవరిక్కావాలి?

ఆ పుస్తకంలో తమాషాలు కూడా ఉన్నాయి. ఒక్కో దేశానికీ ఒక్కో తోక. మనకి డాట్ ఇన్. పసిఫిక్ సముద్రంలో తువాలు అనే చిట్టి దేశం ఉంది. జనాభా మన పల్లెటూళ్ళు నాలుగైదు కలిపినంత. దానికి వచ్చిన తోక డాట్ టీవీ! ప్రపంచంలోని టీవీ, సినిమా వాళ్ళందరికీ ఆ తోక కావాలి. 2000లో ఒక కంపెనీకి దాన్ని అద్దెకిచ్చి, వచ్చిన డబ్బుతో ఆ ఏడే ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం పుచ్చుకుంది ఆ దేశం. నిర్మాత కాదు, నటుడు కాదు, రెండు అక్షరాలతో హిట్టు కొట్టింది!

అయితే పేర్లు ఇచ్చేవాళ్ళకి బాధ్యత లేదా? ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఐకాన్ తన ఒప్పందాల్లో కొత్త షరతు పెట్టింది. వైరస్‌లు, దొంగ లాగిన్ పేజీలు వంటి మోసాలకి వాడే పేర్ల మీద కంపెనీలు చర్య తీసుకుని తీరాలని. ఆ జాబితాలో సినిమా దొంగతనం లేదు. సైటులో ఏముందో చూడటం మా పని కాదు, పేర్లు చూడటమే మా పని అంటారు వాళ్ళు. గేటు దగ్గర టిక్కెట్టు చింపేవాణ్ణి బొమ్మ బాగాలేదేమని అడిగితే ఏం చెబుతాడు? అలాంటి జవాబే.

* * *

'అయితే దేశాల మధ్య ఒప్పందాలు లేవా?' ఉన్నాయి మహాప్రభో. రచయితల హక్కుల కోసం బెర్న్ ఒప్పందం 1886లోనే వచ్చింది. మన దేశం 1928 నుంచి అందులో సభ్యురాలు. అంటే మన టాకీ పుట్టకముందే! మన కథ మీద హక్కు అమెరికాలోనూ ఉంటుంది, ఆఫ్రికాలోనూ ఉంటుంది. హక్కుకి లోటు లేదు. దొంగని పట్టుకునే దారికే లోటు.

ఒక దేశపు పోలీసులకి ఇంకో దేశంలోని కంపెనీ దగ్గర సాక్ష్యం కావాలనుకోండి. హైదరాబాదు పోలీసులు ఢిల్లీకి రాయాలి. ఢిల్లీ నుంచి వాషింగ్టన్‌కి వెళ్ళాలి. అక్కడి న్యాయశాఖ చూసి, అక్కడి కోర్టుకి చెప్పి, కంపెనీ నుంచి తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి పంపాలి. మనకీ అమెరికాకీ ఇలాంటి పరస్పర సహాయ ఒప్పందం 2005 నుంచి అమల్లో ఉంది. 2013లో అమెరికా అధ్యక్షుడు వేసిన ఒక సమీక్షా బృందమే చెప్పింది, పరదేశాల నుంచి వచ్చే ఇలాంటి ఉత్తరాలకి జవాబివ్వడానికి సగటున పది నెలలు పడుతోందని!

ఈ రోజుల్లో మన సినిమా ఆయుష్షు ఎంత? మహా అయితే పది రోజులు. బొమ్మకి పది రోజులు, ఉత్తరానికి పది నెలలు. జవాబు వచ్చేసరికి హీరోగారి తర్వాతి సినిమా ఆడియో ఫంక్షను కూడా అయిపోతుంది!

సైబర్ నేరాల మీద యూరపు వాళ్ళు బుడాపెస్టులో 2001లో ఒక ఒప్పందం చేసుకున్నారు. అందులో కాపీరైటు దొంగతనం కూడా నేరంగా ఉంది. తర్వాత ఇతర ఖండాల దేశాలూ చేరాయి. మన దేశం చేరలేదు. మేం లేకుండా రాసుకున్న స్క్రిప్టులో మేం నటించం అన్నది మనవాళ్ళ వాదన. అందులో న్యాయం లేకపోలేదు.

తర్వాత అందరూ కూర్చుని రాశారు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2024 డిసెంబరు 24న సైబర్ నేరాల ఒప్పందాన్ని ఆమోదించింది. 2025 అక్టోబరులో వియత్నాం రాజధాని హనోయ్‌లో సంతకాలు మొదలయ్యాయి. నలభై దేశాలు తమ తమ దేశాల్లో ఖరారు చేసుకున్నాక అమల్లోకి వస్తుంది. ఇరవై నాలుగు గంటలూ పలికే ఒక మనిషిని ప్రతి దేశమూ ఉంచాలనీ, సాక్ష్యం చెరిగిపోకుండా ముందు ఆపి తర్వాత కాగితాలు చూసుకోవాలనీ అందులో ఉంది. పది నెలల ఉత్తరానికి ఇదే మందు.

ఇక్కడే మన సినిమావాళ్ళు చెవి ఒగ్గి వినాల్సిన ముక్క ఒకటుంది. ఆ కొత్త ఒప్పందంలోని నేరాల జాబితాలో సినిమా దొంగతనం పేరు లేదు. జాబితాలో లేని నేరమైనా, అది 'తీవ్రమైన నేరం' అయితే సాక్ష్యాల విషయంలో దేశాలు సాయపడాలి అంటుంది. తీవ్రమైన నేరం అంటే ఏమిటి? కనీసం నాలుగేళ్ళ దాకా జైలు పడే వీలున్న నేరం. మరి మన చట్టంలో? 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి శిక్ష పెంచారు కదా, ఎంత? మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, మూడు లక్షల నుంచి నిర్మాణ వ్యయంలో ఐదు శాతం దాకా జరిమానా. కాపీరైటు చట్టంలోనూ గరిష్ఠం మూడేళ్ళే.

వాళ్ళ గడప నాలుగు. మన నిచ్చెన మూడు. ఒక్క మెట్టు తక్కువైంది!

శిక్ష నాలుగేళ్ళకి పెంచెయ్యమని నేను అనడం లేదు. కొండపల్లి కుర్రాడి లాంటివాణ్ణి జైల్లో పెట్టే చట్టం నాకొద్దు. చూసేవాడు వేరు, కోట్లు గడించడానికి దొంగ అంగడి నడిపేవాడు వేరు. ఆ రెండోవాడి సంగతి విడిగా రాసుకుని, ప్రపంచం ఒప్పుకున్న కొలతకి సరిపోయేట్టు చెయ్యొచ్చా లేదా అని ఫిల్మ్ ఛాంబర్ పెద్దలు ఢిల్లీని అడగాలి అంటున్నాను. 2023లో మన దేశంలో పైరసీ వ్యాపారం 22,400 కోట్ల రూపాయలని ఒక సర్వే లెక్క కట్టింది. అంత డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్ళు ఆ ఒక్క మెట్టు గురించి ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు.

* * *

చేతులు కలిస్తే పని అవుతుందనడానికి రుజువు కూడా మన డెల్టాలోనే ఉంది. 2023 నవంబరులో రష్మిక మందన్న మొహాన్ని ఇంకో అమ్మాయి వీడియోకి అతికించి ఎవరో ఇంటర్నెట్లో వదిలారు. కంప్యూటరు చేసిన మాయాబొమ్మ. అసలు వీడియోలో ఉన్నది బ్రిటన్‌లో ఉండే అమ్మాయి. ఆమెకీ అవమానమే, ఈమెకీ అవమానమే. కేసు ఢిల్లీలో. వీడియో తిరిగింది అమెరికా కంపెనీల సైట్లలో. ఢిల్లీ పోలీసులు ఆ కంపెనీలకి రాశారు, వందల ఖాతాలు జల్లెడ పట్టారు. 2024 జనవరిలో ఒక కుర్రాణ్ణి అరెస్టు చేశారు. ఎక్కడ? మన గుంటూరు జిల్లాలో! తన పేజీకి అభిమానుల్ని పెంచుకోవడానికి చేశాడని పోలీసులు చెప్పారు.

దొంగ ఎప్పుడూ పరాయిదేశం వాడే అనుకోకండి. ఇవాళ మన బొమ్మ ఎత్తుకుపోయేవాడు సముద్రం అవతల ఉండొచ్చు. రేపు ఇంకో దేశపు ఆడపిల్ల పరువు తీసేవాడు మన పక్క వీధిలో ఉండొచ్చు. వాళ్ళ ఉత్తరానికి మనం వెంటనే జవాబిస్తేనే మన ఉత్తరానికి వాళ్ళు జవాబిస్తారు. ఇచ్చిపుచ్చుకోవడాలు పెళ్ళిళ్ళలోనే కాదు, పోలీసుల మధ్య కూడా ఉండాలి.

ఇంకో చిన్న ముచ్చట. ఇంటర్నెట్టు పేర్లు తెలుగు అక్షరాల్లో కూడా ఉండొచ్చు. అయితే తెలుగు, కన్నడ అక్షరాలు కొన్ని అన్నదమ్ముల్లా ఉంటాయి కదా. తెలుగు పేరులో ఒక కన్నడ అక్షరం దూర్చి, చూపుకి ఒకేలా ఉండే దొంగ పేరు పెడితే? అది జరక్కుండా మన లిపులు తెలిసిన పండితులు కూర్చుని, ఏ అక్షరం దేనికి కవలో జాబితా రాసి ఇచ్చారు. 2019లో ఐకాన్ దాన్ని తన నియమాల్లో చేర్చుకుంది. ఏ పోలీసూ లేడు, ఏ లాఠీ లేదు. తెలిసినవాళ్ళు వెళ్ళి కూర్చున్నారు కాబట్టి తెలుగు అక్షరానికి కాపలా దొరికింది. వెళ్ళనివాళ్ళకి దొరకదు. బల్ల దగ్గర కుర్చీ లేకపోతే విస్తట్లో ఏం పడుతుంది?

* * *

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ చేతులు కలపడంలో ప్రమాదమూ ఉంది. సినిమా దొంగ సైటుని మూసే మీటతోనే గిట్టని పత్రికనీ మూయొచ్చు. దొంగ వివరాలు అడిగే ఉత్తరంతోనే ప్రభుత్వాన్ని విమర్శించినవాడి వివరాలూ అడగొచ్చు. ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మానవ హక్కుల సంఘాలు గోల పెట్టింది ఇందుకే. సెన్సారు కత్తెర రుచి తెలిసినవాళ్ళం మనం. కత్తెర మన చేతిలో ఉన్నప్పుడు పదునుగా ఉండాలనీ, అవతలివాడి చేతిలో ఉన్నప్పుడు మొద్దుగా ఉండాలనీ కోరుకోవడం కుదరదు.

కాబట్టి నా మొర ఇంతే. మూసినప్పుడు ఎందుకు మూశారో కాగితం మీద ఉండాలి. తప్పయితే తెరిపించుకునే దారి ఉండాలి. వివరాలు అడిగితే వెనకాల జడ్జిగారి సంతకం ఉండాలి. ఇవన్నీ ఉన్నాక జవాబు మాత్రం పది నెలల్లో కాదు, పది రోజుల్లో రావాలి. మొదటి ఆట అయ్యాక వచ్చే టార్చిలైటు ఎవరికి కావాలి?

అన్నట్టు, ఈ కష్టం పెద్ద హీరోలదీ కోటీశ్వరులైన నిర్మాతలదీ అనుకునేవాళ్ళు కొందరున్నారు. పైన నలుగురికి దెబ్బ తగిలితే గాయం మానుతుంది. కింద లైట్‌బాయ్‌కీ, మేకప్ అసిస్టెంటుకీ, హాలు ముందు పల్లీలు అమ్ముకునేవాడికీ మానదు. సినిమా పోతే నిర్మాత ఇంకో సినిమా తీస్తాడో లేదో గానీ, తియ్యకపోతే ఈ నలుగురికీ పని ఉండదు. కొండపల్లి అరుగు మీద ఏనుగు చెక్కే పెద్దాయనా, స్టూడియోలో ట్రాలీ తోసే కుర్రాడూ నాకు ఒకే వరసలో కనిపిస్తారు. చేసినవాడికి కూలి దక్కాలి. అంతకు మించి ఏ ఒప్పందంలోనూ సారం లేదు.

* * *

చెప్పినట్టే మిమ్మల్ని కొండపల్లి బస్టాండు దగ్గర దింపుతున్నాను.

ఏనుగుని గడ్డిలో చుట్టి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు పెద్దాయన. ఆయన అడిగిన ధర ఇచ్చాను, బేరం ఆడలేదు. ఈ కబుర్లన్నీ అయ్యాక బేరమాడటానికి మొహం చెల్లలేదు. బస్టాండు దాకా సాయం వచ్చిన మనవడు దారిలో ఉన్నట్టుండి అడిగాడు.

'సార్, అలంకార్ సెంటర్‌కి ఇక్కణ్ణుంచి బస్సుంటుందా?'

'ఉంటుంది. ఎందుకురా?'

'ఆ సినిమా సగం చూసి ఆపేశాను. మిగతా సగం హాల్లో చూద్దామని' అన్నాడు, నేల చూపులు చూస్తూ.

'మొదటి సగం?'

'మళ్ళీ చూస్తాను సార్. టిక్కెట్టు మొత్తానికీ కదా ఇచ్చేది' అన్నాడు.

నేను వాడి భుజం తట్టి బస్సెక్కాను. హనోయ్‌లో ఎన్ని సంతకాలు పడ్డా, ఢిల్లీలో ఎన్ని తీర్పులు వచ్చినా, ఆఖరి సంతకం మాత్రం ఇలాంటివాడి బొటనవేలిదే. ఫోన్ మీద నొక్కే వేలు కదా!

ఏనుగు ఈపాటికి విమానంలో ఉంటుంది. మనవరాలికి చెప్పాను, పెట్టె అడుగున ఆయన పేరు రాసిన చీటీ ఉంది, కొలువులో ఏనుగు పక్కన అదీ పెట్టమని.

బెల్లు కొడుతున్నారు. ఇంటర్వెల్ అయిపోయింది. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.